తొలకరి నమూనా

మూడు రోజులు పొడిగా ఉండాలి.
నాలుగో రోజు కురవాలి,
అంగుళంలో అయిదో వంతుకి తగ్గకూడదు.
అలా అని పర్మిట్‌లో ఉంది, పదిహేడో పేజీలో.
వానకి ఆ పేజీ ఎవరూ చదివి వినిపించలేదు.

అందుకే అక్టోబరంతా
బూట్లు గుమ్మం దగ్గర, ఐసుపెట్టె కారులో,
చెవి ఇంటికప్పు మీద పెట్టుకుని పడుకుంటాను.

రాత్రి రెండుంపావుకి టకోమాలో తొలకరి.

నేను నేర్చుకున్న తొలకరి వేరు.
ఆ మాటని నోట్లో వేసుకుంటే మట్టి వాసన వచ్చేది.
ఇక్కడ తొలకరి
వేసవంతా రోడ్డు చేసిన అప్పుల్ని
ఒక్క గంటలో వాగుకి కట్టేస్తుంది:
బ్రేకుల రాగిపొడి, కారిన ఇంజనాయిలు,
కుక్కల యజమానులు చూడనట్టు దాటి వెళ్ళినవి,
అరిగిన టైర్ల నల్లనుసి.
ఆ నుసికి సాల్మన్ చేపలు
గుడ్లు పెట్టకముందే, నోళ్ళు తెరుచుకుని,
సుడి తిరిగి తిరిగి చచ్చిపోతాయి.
ఒకసారి చూశాను. ఒకసారి చాలు.

మూత ఎత్తేది లెనోర్.
ఇరవైరెండేళ్ళ సర్వీసు, ఒక మోకాలు స్టీలుది.
"ముందు ముక్కు, తర్వాత మీటరు" అంటుంది.
వంగి వాసన చూశాను.
సబ్బు.
వాన తప్ప ఇంకేదీ పారకూడని గొట్టంలో
అర్ధరాత్రి పూట లావెండర్ సబ్బు.

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు.
మా ఆఫీసులో ఆ రెండోదానికి
ఆకుపచ్చ రంగుపొడి వాడతాం, డబ్బాలో వస్తుంది.

వాన వెలిశాక, వాలుకి ఎదురు నడిచాం.
తొమ్మిది మూతలు.
తొమ్మిదో మూత పక్కన ఓడెట్టా ప్రుయిట్ లాండ్రీ:
ఆరు మెషిన్లు, చిల్లర మార్చే పెట్టె,
పిల్లలకి ఉచితంగా నిమ్మ బిళ్ళలు.
బయట కాలువ నోటి దగ్గర నీలంరంగు చేప బొమ్మ,
"ఇక్కడ పారబోసింది సముద్రానికే" అని కింద రాత.
ఆ బొమ్మ వేసింది ఆవిడే,
నిరుడు, స్వచ్ఛందంగా, మోకాళ్ళ మీద కూర్చుని.

ఆవిడ చూస్తుండగానే తూములో రంగు పోశాను.
లెనోర్ కింద వాగు దగ్గర, రేడియోతో.
పదకొండు నిమిషాలు మేం ముగ్గురం ఏమీ మాట్లాడుకోలేదు.
ఒక మెషిన్ ఎవరివో తువ్వాళ్ళు తిప్పుతోంది.

"వచ్చేసింది," అంది రేడియో. "పచ్చగా. చిలకలా."

యాభై ఎనిమిదినాటి ప్లాను తీసి చూశాం.
కాగితం మీద గీత సరిగ్గానే ఉంది,
తప్పు భూమిలో ఉంది.
కింద ప్లంబరు సంతకం, గుండ్రంగా, పొందిగ్గా,
తన పని తనకి నచ్చినవాడి సంతకం.
వాగుకి వెళ్ళే గొట్టం, మురుగుకి వెళ్ళే గొట్టం
పక్కపక్కనే ఉన్నాయట. మధ్యాహ్నం భోజనం వేళై ఉంటుంది.

"ఇన్నేళ్ళూ నేనేనా?" అంది ఓడెట్టా.

జవాబు ఫారంలో ఉండాలి.
ఉల్లంఘించినవారు: ఒకటే గడి.
చనిపోయిన ప్లంబరుకి గడి లేదు,
కొన్నప్పుడు ఈవిడకి తెలియదనడానికి గడి లేదు.
అరవై రోజుల గడువు, తవ్వకం ఖర్చులో సగం నగరానిది.
పేరు రాశాను. ప్రుయిట్‌లో స్పెల్లింగు తప్పు రాసి కొట్టేశాను.
ఆవిడ లోపలికెళ్ళి మెషిన్లు ఒక్కొక్కటే ఆపింది,
తువ్వాళ్ళది మాత్రం పూర్తయ్యేదాకా ఆగి.

ఆ సాయంత్రం నగరానికి పద్నాలుగు ఫోన్లు:
వాగు పచ్చబడింది, విషం కలిపారు, పట్టించుకోరా?
ఆ పచ్చ ఎవరికీ హాని చెయ్యదు, గంటలో పోతుంది.
నల్లనీళ్ళ గురించి ఈ పదేళ్ళలో
మాకు వచ్చిన ఫోను ఒక్కటి,
అదీ రాంగ్ నెంబరు.

ఇంటికి బయల్దేరేసరికి మళ్ళీ చినుకులు.
పదకొండు మైళ్ళు.
వైపర్లు వేశాను.
సిగ్నల్ దగ్గర, కిటికీ దించితే,
తడిరోడ్డు మీద నా నాలుగు టైర్లు
మెల్లగా, ఏ ఫారమూ అడగకుండా
సంతకం చేస్తున్న చప్పుడు.